ఖాళీగా ఉన్న పేరు

అశ్వారావుపేట నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, నేను ఆ నెలలోనే రిటైరవుతున్నానని తెలుసుకుని నా పీఎఫ్ మీద తెగ జాలిపడ్డాడు.

“గా వడ్డీతోని ఏమైతది సార్? షేర్లంటరా, పొద్దున ఉన్నయి మాపటికి ఉండయి. భూమి కొనుండ్రి. నాకు గీడ ఎనిమిదెకరాల పామాయిల్ తోట ఉంది.”

“ఇది ఏజెన్సీ కదండీ, గిరిజనులు కానివాళ్లు కొనడానికి చట్టం ఒప్పుకోదు కదా?” అన్నాను.

అతను నవ్వి, సీటు దొరక్క కమ్మీ పట్టుకుని నిలబడ్డ కోయ ముసలాయనను గడ్డంతో చూపించాడు. “కాగితాల మీద గీనె పట్టాదారు. నా తోటలనే కూలి చేస్తడు.”

అంటూనే జేబులోంచి బీపీ గోళీ తీసి ముసలాయన నోట్లో వేశాడు. నాలుక పైకెత్తించి, మింగాడో లేదో సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు చూశాడు.

“గీన పోతే వారసులతోని పరేషాన్ సార్. గందుకే దవాఖానా ఖర్చు నాదే.”

నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

ముసలాయన నా భుజం మీదికి వంగాడు. “మా తమ్ముని పేరు ఇంకా ఖాళీగనే ఉంది సారూ. ఆనికి బీపీ గూడ లేదు.”

ఆ పెద్దమనిషిని తలుచుకుంటే ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది. కానీ తమ్ముడిది ఏ ఊరని ముసలాయనను అడిగింది మాత్రం నేనే.