సంతలో మా అన్న అడిగిన మాట

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. మా అత్త దిష్టి తీస్తుంటే కూడా నవ్వేదాన్ని. ఇది మాత్రం జరిగింది. జరిగినట్టే చెప్తున్నాను.

మాది సముద్రం ఒడ్డు ఊరు. పెళ్ళయ్యాక కొండల్లోని డుంబ్రిగుడ వచ్చి, వారం వారం సంతలో ఎండు చేపలు అమ్ముతున్నాను. సరుకు పంపేది మా అన్న అప్పారావు.

కిందటేడు మా ఊరి ఎదుట సముద్రంలో ఒక ముక్కని గవర్నమెంటు చమురు, గ్యాసు తవ్వకానికి లీజుకిచ్చింది. సర్వే అయ్యేదాకా అటు వేటకెళ్ళొద్దన్నారు. ఊరి మీటింగులో కుదరదని అందరికంటే గట్టిగా అరిచింది మా అన్నే. వేట లేక, ఆఖరికి ఆ సర్వే ఓడకి కాపలా బోటులో పనికి కుదిరిందీ మా అన్నే. మనవాళ్ళ పడవల్ని వెనక్కి తోలడం అతని పని. ఊళ్ళో అతనితో మాటలు మానేశారు. నేనూ ఫోన్ చెయ్యలేదు.

అతను చేరిన నాలుగో రోజు సంత. ఎండ మాడ్చేస్తోంది. సోమ్రి మామ్మ వచ్చింది. కొండ మీది ఊరు ఆమెది, నా దగ్గరే కొంటుంది. సముద్రాన్నీ చూడలేదు, మా అన్ననీ చూడలేదు. నా పక్కకి చూస్తూ అంది:

"ఆ మనిషి తడిసిపోయి నిలబడ్డాడు. తువ్వాలియ్యవేటమ్మా?"

"ఎవరు మామ్మా?"

"నారింజరంగు కోటు. భుజం కాడ సిరిగింది. ఈ సోటు ఎవులిదేనా, నిలబడొచ్చా అని అడుగుతున్నాడు. ఎవులిదీ కాదు, నిలబడు బాబూ అన్నాను."

పక్కన ఎవరూ లేరు. కాటా దగ్గర పరిచిన గోనెపట్టా మాత్రం మనిషి నిలబడేంత మేర తడిసి ఉంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. ఎండు చేపల దగ్గర ఉప్పు కాక ఏముంటుంది అనుకున్నాను. మామ్మకి నెత్తళ్ళు తూచి ఇచ్చాను. పదకొండు దాటింది.

మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. పదకొండు గంటలప్పుడు అన్న బోటు మీంచి జారాడట. తల అంచుకి కొట్టుకుందట. మర్నాడు శవాన్ని తీసుకొచ్చారు. ఒంటి మీద నారింజరంగు లైఫ్ జాకెట్టు. ఎడమ భుజం దగ్గర చిరిగి ఉంది.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. తరవాతి సంతకి వెళ్ళాను, అమ్మాను, వచ్చాను.

ఆ సంతలోనే, కిందటి వారం ఎవర్ని చూశావని మామ్మని అడిగాను. "మీ అన్న కాదేటి? ముక్కు నీదే కదా," అని చేపలు తీసుకుని వెళ్ళిపోయింది.

తడి సంగతి ఎలాగో సర్దిచెప్పుకోగలను. ఆ చిరుగు ఆమెకెలా తెలిసిందో తెలీదు. అంత దూరం వచ్చి, పక్కనే ఉన్న నన్ను అడక్కుండా, ముక్కూ మొహం తెలీని ఆమెని ఎందుకు అడిగాడో, అదీ తెలీదు.