వెనక తలుపు తీసి ఆగాకే

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయే రకం. పెట్రోలు, గాలి, నిప్పు సరిగ్గా కలిస్తే ఇంజను తిరుగుతుంది, ఒకటి తప్పితే తిరగదు. సూర్యాపేటలో మోటారు మేస్త్రీగా నేను నమ్మింది అంతే.

పోలీసు యాక్షను నాటి గడబిడలు సద్దుమణిగాక వచ్చిన మొదటి చలికాలం అది. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు షావుకారు కోదాడ నుంచి పాత కారు కొన్నాడు. అది ఒక డాక్టరమ్మది. ఆమె పోయాక చుట్టాలు అమ్మేశారు. వేడెక్కితే రోజంతా, ముందు పెట్టి తిప్పే హ్యాండిల్ అర తిప్పుకే స్టార్టయ్యేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఎవరు హ్యాండిల్ తిప్పినా గంటల తరబడి సతాయించేది.

ఒక్క డ్రైవరు సైదులు తిప్పితే తప్ప. నిడమనూరు మనిషి, యాభై దాటాయి, మాట తక్కువ. తన కొలువు పోకుండా అతనే ఇంజనులో ఏదో మెలిక పెట్టాడని షావుకారు అనుమానం. నాకూ సబబే అనిపించింది. అలాంటి డ్రైవర్లను చూశాను.

కబురందగానే వెళ్ళి, మర్నాడు పొద్దున మిల్లు గోడ పక్క నుంచి కనిపెట్టి చూశాను. సైదులు కారు వెనక ఎడమ తలుపు తీసి, పక్కకు జరిగి నిలబడ్డాడు. కాసేపయ్యాక మెల్లగా మూసి, ముందుకొచ్చి హ్యాండిల్ తిప్పాడు. ఒక్క తిప్పుకే లేచింది.

సీటు కింద దొంగ స్విచ్చి ఉందని షావుకారుకు చెప్పాను. ఆ పూటే సైదులును తీసేశాడు. అతను పోతూ నా దగ్గర ఆగి, "మేస్త్రీ, తల్పు తీసి జర ఆగినంక తిప్పు. గంతే" అన్నాడు. నన్ను ఆడిస్తున్నాడనుకున్నాను.

సీటు ఊడదీశాను. కొబ్బరి పీచు, స్ప్రింగులు తప్ప ఒక్క తీగ లేదు. చలికి గాలిని తగ్గించే చోక్ మూత పూర్తిగా పడటం లేదు, దాన్ని సరిచేశాను. ప్లగ్గులు గీకాను. పెట్రోలు వడపోశాను. రోగం దొరికిందనుకున్నాను.

మర్నాడు మళ్ళీ అదే తంతు. రేడియేటరులో మరిగే నీళ్ళు పోసినా లేవలేదు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. సైదులు దొంగచాటుగా వచ్చి ఏదో చేస్తున్నాడని, సాయంత్రం షెడ్డు నేల నిండా తవుడు చల్లి నా సొంత తాళం వేశాను.

తెల్లవారి తీస్తే తవుడు మీద ఎలక అడుగు కూడా లేదు. బండి మాత్రం లేవలేదు. ఎండ బాగా వచ్చింది. చివరికి, ఎవరూ చూడటం లేదు కదా అనుకుని, వెనక ఎడమ తలుపు తీసి ముందుకొచ్చి నిలబడ్డాను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత బండి ఆ పక్కకు మెల్లగా ఒరిగింది. మడ్‌గార్డు టైరు మీదికి రెండు వేళ్ళ మందం దిగి, అక్కడే ఆగింది. తవుడు మీద నా అడుగులే ఉన్నాయి. తలుపు మూసి హ్యాండిల్ తిప్పాను. ఒక్క తిప్పు.

అప్పుడే మిల్లు మెట్లు దిగి వస్తున్న షావుకారు దూరంగానే ఆగాడు.

"వెనక ఎవరు కూసున్నరు?" అన్నాడు.

ఎవరూ లేరన్నాను. దగ్గరికొచ్చి అద్దంలోంచి తొంగి చూశాడు. ఆ రోజు ఎడ్ల బండిలో వెళ్ళాడు.

ఇంకో మూడు పొద్దులు చూశాను. తలుపు తీస్తే లేస్తుంది, తీయకపోతే లేవదు. కోదాడ వెళ్ళాను. డాక్టరమ్మ ఇంట్లో ముసలి వంటావిడ ఉంది. ఒకసారి డాక్టరమ్మ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టగానే అప్పటి డ్రైవరు తొందరపడి హ్యాండిల్ తిప్పాడట. బండి గేరులో ఉండి ముందుకు దూకడంతో ఆమె పడి కాలు విరిగిందట.

"అప్పట్నించి అమ్మగారు సర్దుకుని కూచునేదాకా హ్యాండిలు ముట్టనిచ్చేవారు కాదండి" అంది.

సైదులు ఎప్పుడైనా వచ్చి ఇవన్నీ అడిగాడా అని రెండు మూడు రకాలుగా తిప్పి అడిగాను. ఆ పేరే వినలేదంది. డాక్టరమ్మ పోయింది జ్వరంతో, తన మంచం మీదే.

అక్కణ్ణుంచి నేరుగా నిడమనూరు వెళ్ళి, తప్పు నాదేనని సైదులుకు చెప్పాను. ఆ సంగతి నీకెలా తెలిసిందని అడిగాను.

"మొదటి దినం తల్పు సరిగ పడలేదని మళ్ల తీసిన. ఎవరో ఎక్కినట్టు బండి ఒరిగింది. ఎవరని అడగలె. నువ్వైతే అడుగుతవా?" అన్నాడు.

షావుకారు అతన్ని మళ్ళీ పిలిచి పెట్టుకున్నాడు. తాను మాత్రం ముందు సీట్లోనే కూర్చునేవాడు. చక్రం మీద బరువు మోసే కమాను అరిగి ఒరుగుతోందేమోనని ఆ పక్కది కొత్తది వేశాను. తేడా రాలేదు. అయినా కమాను దిగితే ఇంజను ఎందుకు లేవాలి?

కొన్నేళ్ళకు ఆ కారు అమ్మకానికి పెట్టారు. కొనేవాడు నా దగ్గరికొచ్చి, చలికి ఎందుకు మొండికేస్తుందని అడిగాడు. తెలియదన్నాను. ఇన్నేళ్ళ పనిలో ఒక బండి గురించి నేను ఆ మాట అన్నది అదొక్కసారే.