వదిన తాళంకప్ప

మా వదినకు ఆ సర్టిఫికెట్ కోర్సు శుద్ధ దండగని తేల్చింది నేనే. లెక్క వేయమని అడిగింది మా అన్నయ్య, తిట్లు తిన్నది నేను. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో జీతాల గుమస్తాకి ఇంట్లో జరిగే మర్యాద ఇలాగే ఉంటుంది.

అదే ఫ్యాక్టరీలో వదిన మెయింటెనెన్స్ హెల్పరు. బేరింగులకు గ్రీజు పెట్టడం, బెల్టు కింద ఇరుక్కున్న అట్టముక్కలు లాగడం, మెకానిక్ అడిగిన స్పానర్ అందించడం ఆవిడ పని. యంత్రాల మరమ్మతు కోర్సు మీద ఆవిడ కన్ను పడింది, తోటి హెల్పర్లంతా వద్దనుకున్నదే. ఏడాదిపాటు ఆదివారాలు క్లాసులు. ఫీజు ఆవిడ మూడు నెలల జీతం.

ఒక సాయంత్రం వంటింటి బల్ల మీద కాగితం పరిచాను. ఫీజు, బస్సు ఖర్చు, పోగొట్టుకునే ఓవర్‌టైమ్ ఒకవైపు రాశాను. గ్రేడు మారితే పెరిగే జీతం రెండోవైపు.

"పెట్టింది తిరిగి రావడానికి, కోర్సు ఏడాదితో కలిపి, ఏడేళ్లు పడుతుంది వదినా. నీ రిటైర్మెంటు ఎనిమిదేళ్లలో ఉంది."

"అంటే ఒక ఏడాది లాభమేగా!"

"ఆ లాభం నీ మోకాళ్ల నొప్పుల మందుకి చాలదు," అన్నాడు అన్నయ్య. "ఈ వయసులో పలకా బలపం పట్టుకుని కుర్రాళ్ల మధ్య కూర్చుంటావా? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీ. నవ్వడానికి ఫీజు లేదుగా." నా వైపు తిరిగింది. "అది సరే, నీ కాగితంలో తాళంకప్ప ఎక్కడయ్యా మరిదీ?"

నాకు అర్థమైంది. అన్నయ్యకే కాలేదు. ఫ్యాక్టరీలో యంత్రం బాగుచేసే మెకానిక్ ముందుగా మెయిన్ స్విచ్ దించి, దానికి తన సొంత ఎర్ర తాళంకప్ప వేస్తాడు. దాని మీద అతని ఫొటో ఉంటుంది, తాళంచెవి అతని జేబులో ఉంటుంది. అతను తప్ప మేనేజరైనా దాన్ని తీయకూడదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే ఆ కప్ప ఇస్తారు. హెల్పర్లు పక్కవాడి తాళాన్ని నమ్ముకుని చెయ్యి పెట్టాల్సిందే.

"పోయినేడు మేకుకి తగిలి చొక్కా చిరిగిందని చెప్పాను చూడూ," అంది వదిన అన్నయ్యతో. "మేకు కాదు. పని అయిపోయిందనుకుని మెకానిక్ తాళం తీసి స్విచ్ వేసేశాడు. నా చెయ్యి ఇంకా బెల్టు కిందే ఉంది. గుడ్డ చిరిగింది కాబట్టి చెయ్యి మిగిలింది. షిఫ్ట్ ఆఫీసరు వచ్చి చూసి, 'ఏం కాలేదుగా' అని లైను నడిపించాడు."

అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తలేదు.

"నా చెయ్యి లోపలున్నంతసేపూ తాళంచెవి నా జేబులో ఉండాలి. లాభమో నష్టమో మీ అన్నదమ్ములు తేల్చుకోండి."

మర్నాడే ఫీజు కట్టేసింది.

ఇక ఇంట్లో మాకు తిప్పలు మొదలయ్యాయి. బజారులో ఒక తాళంకప్ప కొనుక్కొచ్చి, కనబడిన స్విచ్చుకల్లా వేసి సాధన చేసేది. ఓ ఆదివారం నేను ఒళ్లంతా సబ్బు పట్టించుకున్నాక నీళ్లు ఆగిపోయాయి. టాంకు ఖాళీ, మోటారు స్విచ్చుకి తాళం, తాళంచెవి వదినతోపాటు క్లాసులో. చివరికి పక్కింటావిడ తలుపు సందులోంచి బకెట్టు అందిస్తూ, "మీ వదినగారు తప్పకుండా పాసవుతారండీ," అంది.

ఆవిడ నోటివాక్కు ఫలించలేదు. మొదటిసారి వదిన రాతపరీక్ష తప్పింది. అన్నయ్య ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి దాన్ని ఆవులింతగా మార్చుకున్నాడు. రెండోసారి ఫీజు కట్టడంతో ఆ ఒక్క ఏడాది లాభమూ హరీమంది. ఆ సంగతి నేను పైకి అనలేదు. నాకూ స్నానం చేయాలని ఉంటుంది కదా!

రెండోసారి పాసైంది. ఎర్ర కప్ప వచ్చింది. దాని మీది ఫొటోలో వదిన ఎవరితోనో పోట్లాడబోతున్నట్టుంది.

ఆ నెలలోనే ఒకరోజు పెద్ద లైను ఆగిపోయింది. అదే షిఫ్ట్ ఆఫీసరు నన్ను పిలిచాడు. "బయట లారీలు నిలబడున్నాయి. మీ వదినేగా, తాళం తీయమనండి."

వెళ్లాను. బెల్టు కిందనుంచి రెండు బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"వదినా, తాళం తీయమంటున్నారు. లారీలు ఆగాయట."

"ఆగనీ. లారీలకి బ్రేకులుంటాయి."

నా వెనకే ఆఫీసరు వచ్చేశాడు. "ఆ కప్ప కోసేయండి, కట్టరు తెండి!" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. ఆయనే కట్టరు అందుకుని విసురుగా స్విచ్చు వైపు నడిచాడు. ఎలా వెళ్లానో తెలియదు, స్విచ్చుకీ ఆయనకీ మధ్య నేనున్నాను.

"మీరా?" అన్నాడాయన, కుర్చీ మాట్లాడినంత ఆశ్చర్యంగా.

"లోపల మనిషుంది సార్," అన్నాను.

వదిన తాపీగా బయటికి వచ్చింది. స్పానర్లు లెక్క చూసుకుంది, గుడ్డతో చేతులు తుడుచుకుంది. మడిచిన చొక్కా చేతులు దించి, రెండింటికీ గుండీలు పెట్టుకుంది. అప్పుడు జేబులోంచి తాళంచెవి తీసింది.

"ఎంత ఆలస్యమైందో తెలుసా నీకు?" అన్నాడు ఆఫీసరు పళ్లు కొరుకుతూ.

వదిన రెండు చేతులూ ఆయన ముందు చాపి చూపించింది.

"ఏం కాలేదుగా సార్!"