ఒంటిచేతి గాలం

ఆర్డిస్ నైగార్డ్ మా బడి వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. అందులో పద్దెనిమిదేళ్లు నేను ఆమె పక్కనే నిలబడి బంగాళాదుంపలు చెక్కుతీశాను. తక్కువ మాట్లాడేది. ఏ పిల్లాడు పొద్దున ఏమీ తినకుండా వచ్చాడో మొహం చూసి పట్టేసేది. అడక్కుండానే వాడి పళ్లెంలో ఇంకో గరిటె పడేది.

చేపల విషయంలోనూ ఆమెది అదే చూపు. డిసెంబరు మొదట్లో కూసెల్ సరస్సు గడ్డకట్టగానే, మంచుకు కన్నాలు తొలిచి చేపలు పట్టడానికి ఊరంతా గాలాల పెట్టెలు బయటికి తీస్తుంది. మెరిసేవి, చీకట్లో వెలిగేవి, గిలక్కాయల్లా మోగేవి, ఒక్కొక్కరి దగ్గర వందేసి నకిలీ ఎరలు. ఆర్డిస్ దగ్గర మాత్రం దగ్గు బిళ్లల డబ్బాలో ఏడో ఎనిమిదో ఉండేవి. మొదటి చేపను మంచు మీదే కోసి, పొట్టలో ఏముందో చూశాకే ఏది కట్టాలో తేల్చుకునేది.

కిందటి ఆగస్టులో ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు గానీ కుడిచెయ్యి పడిపోయింది. చర్చిలో శీతాకాలపు తొలి విందుకు ఇరవై ఏళ్లుగా చేపలు తెచ్చేది ఆమే. ఈసారికి దుకాణంలో కొందామని అందరం అనుకున్నాం. విందుకు ముందురోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసింది.

"మంచు మీద సామాను బండి లాగడానికి మనిషి కావాలి. ఖాళీయేనా?"

"డాక్టరు ఒప్పుకున్నాడా అక్కా?"

"ఆయనకు చేపలు పట్టడం రాదు. ఆయన్నేం అడుగుతాను?"

అడుగడుక్కీ గునపంతో మంచును పొడిచి చూసుకుంటూ వెళ్లాం. నాలుగున్నర అంగుళాల మందం ఉంది. అక్కడ లీలాండ్ ప్రష్ అప్పటికే బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. లారీ నడిపి రిటైరైన మనిషి, నలభై ఏళ్లుగా ఆమెను ఆటపట్టించడమే పని.

"ఏమ్మా ఆర్డిస్, ఒంటిచేత్తో వచ్చావ్. ఈ ఏడన్నా నాకు న్యాయం జరిగేట్టుంది."

"నీ రెండు చేతులకూ ఎన్ని పడ్డాయేంటి?"

పడింది ఒక్కటే, అరచేతిలో పట్టేంత బ్లూగిల్ చేప. ఆమె దాన్ని అడిగి తీసుకుంది. నేను పట్టుకుంటే ఎడమచేత్తో కోసింది. పొట్టనిండా దారప్పోగుల్లాంటి ఎర్ర పురుగులు.

"బురదలో పురుగులు ఏరుకు తింటున్నాయి. నువ్వేమో వాటికి దీపాలు చూపిస్తున్నావ్," అంది.

డబ్బాలోంచి గోధుమగింజంత ఎర్ర ఎరను తీసి, పళ్లతో దారం బిగించి ముడి వేసింది. పది నిమిషాలు పట్టింది. సాయానికి చెయ్యి చాపితే పక్కకు తిరిగింది. నేను తొలిచిన కన్నంలోంచి ఎనిమిది అడుగుల లోతున, ఇంకా పచ్చగా ఉన్న నాచు అంచుకు దింపింది. గంటలో పదకొండు చేపలు పడ్డాయి. తర్వాత ఏదో పెద్ద చేప వచ్చి దారాన్ని కొరికి ఎరతో సహా పోయింది. ఎర్రది అదొక్కటే.

ఆమె తెగిన దారం వంక చాలాసేపు చూసింది. కళ్లు తడిశాయి. చలిగాలి అంది. నేను నమ్మలేదు.

కాసేపటికి తన ఎర్ర చేతితొడుగు అంచును పళ్లతో లాగి ఒక పోగు ఊడదీసింది. ఉత్త గాలానికి దాన్ని చుట్టాలి. అది మాత్రం ఒంటిచేత్తో అయ్యే పని కాదు. నేను అవతల మంచులో ఇంకో కన్నం తొలుస్తున్నాను. లీలాండ్ తనంతట తనే లేచి వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"కదలకుండా పట్టుకో," అంది ఆర్డిస్.

"నా చెయ్యే వణుకుతుంటే గాలమెట్లా ఆగుతుంది?"

"మోకాలికి ఆనించు. నీకూ ముసలితనం వచ్చిందని ఎవరికీ చెప్పన్లే."

ఆమె చుట్టింది, అతను పట్టుకున్నాడు. మూడుసార్లు జారింది. నాలుగోసారి ముడి నిలిచింది. అలాంటిదే ఇంకోటి చేయించి అతని చేతిలో పెట్టింది. పొద్దు వాలేసరికి మూడు కన్నాల దగ్గరా కలిపి నలభై మూడు చేపలు.

మర్నాడు విందులో కుర్చీ వేస్తే కూర్చోలేదు. పొయ్యి దగ్గరే నిలబడి ఎడమచేత్తో చేపలకు పిండి అద్దింది. ఎవరు పట్టారని పాస్టరు అడిగాడు.

"సగం లీలాండువే," అంది.

లీలాండ్ కాదనబోయాడు. నోటినిండా చేప ఉంది.