అమోనియా ఘాటులో పెళ్లిచూపులు

అరవైల చివర్లో మాది తార్నాక. పక్కనే యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో నా ఉద్యోగం. ఘాటు తగలకుండా ముక్కుకూ మూతికీ నాడాలు కుట్టిన తడిబట్ట కట్టుకునేవాళ్లం. దానితో సరిగా ఊపిరాడేది కాదు.

నాకు సంబంధం మాట్లాడుతున్న అంబర్‌పేట అబ్బాయి తల్లి ఒకరోజు చెప్పకుండా ల్యాబుకే వచ్చింది.

"గా బట్ట తియ్యి బిడ్డా, మొకం చూస్త."

"అమోనియా సీసా తెరిచినం అమ్మా, తీస్తే దగ్గొస్తది."

"మూతికేమన్న లోపమున్నదా ఏంది?"

ఇక తప్పక తీశాను. ఇద్దరం దగ్గుతూ, కళ్లనీళ్లు కారుతూ వరండాలోకి పరుగెత్తాం. ఈ సంబంధం చెడిందనుకున్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, నా చేతిలోని బట్టను తిప్పి తిప్పి చూసింది.

"మా ఇంట్ల కట్టెల పొయ్యి. నాకొకటి కుట్టియ్యరాదు?"

నేను కాపురానికి వెళ్లేసరికి అత్తమ్మ అది కట్టుకునే వంట చేస్తోంది. ఆ రోజు నా ముఖం నచ్చిందా అని మాత్రం నేనెన్నడూ అడగలేదు.