వెనక సీటు కనిపించే అద్దం

మా అమ్మా నాన్నా మాట్లాడుకోవడానికి ఉన్న చోటు ఒక్కటే. మా పాత నల్ల కారులో, ముందద్దం పైన వేలాడే చిన్న అద్దం.

డెబ్బైల నాటి సంగతి. గవర్నర్‌పేటలోని మా ఇంట్లో నాయనమ్మ మాటే చట్టం. అత్తగారి ఎదుట మొగుణ్ణి పలకరించకూడదని అమ్మని పెంచారు. తల్లి ఎదుట పెళ్ళాంతో కబుర్లేమిటని నాన్నని పెంచారు. "అన్నానికి రమ్మని మీ నాన్నకి చెప్పవే" అనేది అమ్మ. ఆ నాన్న పక్కగదిలో ఉండేవాడా అంటే, లేదు, అక్కడే కుర్చీలో ఉండేవాడు! "వస్తున్నానని చెప్పు" అనేవాడు. మధ్యలో తంతి తపాలా ఆఫీసు నేను. ఒళ్ళు మండిపోయేది నాకు.

కారెక్కితే మాత్రం నాకు సెలవు. నాయనమ్మకి కడుపులో తిప్పుతుంది కాబట్టి చేతిలో నిమ్మకాయతో ముందు సీటు ఆవిడదే. వెనక అమ్మా, నేనూ. నాన్న ఆ అద్దాన్ని రోడ్డుకి కాకుండా అమ్మ మొహానికి గురిపెట్టుకునేవాడు. అమ్మ కనుబొమలు ఎగరేస్తే పూలబండి దగ్గర ఆపమని. కళ్ళు పెద్దవి చేస్తే నెమ్మదిగా పొమ్మని. పైట భుజమ్మీదికి లాక్కుంటే, మీ అమ్మగారు చెప్పినదానికల్లా ఊఁ కొట్టకండి అని. బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాటాక బొట్టు సవరించుకుందంటే మటుకు, పుట్టింటి దగ్గర ఆపమని. "ఇంజను వేడెక్కిందమ్మా, నీళ్ళు పొయ్యాలి" అంటూ నాన్న సరిగ్గా మా అమ్మమ్మగారింటి ముందే ఆపేవాడు. మా కారుకి దాహం వేస్తే ఆ ఊళ్ళోనే వేసేది.

ఉన్నట్టుండి ఆ అద్దం మరలు వదులైపోయాయి. గతుకు వచ్చినప్పుడల్లా తల వేలాడేసేది. నాన్న సైకిలు ట్యూబు ముక్క కోసి దాని కింద దోపాడు. నిలవలేదు. నల్ల టేపు చుట్టాడు. బెజవాడ ఎండకి టేపు జిగురు కరిగిపోయి, ఏలూరు కాలవ వంతెన మీద అద్దం ఊడి నాయనమ్మ ఒళ్ళో పడింది. ఆవిడ తీసి మొహం చూసుకుని, "ఇంత ముసలిదాన్నయిపోయానా! ఒక్కళ్ళూ చెప్పలేదేం?" అంది. ఈలోగా నాన్న అలవాటుకొద్దీ అమ్మకోసం తల వెనక్కి తిప్పి, ముందున్న రిక్షాని గుద్దినంత పని చేశాడు.

"ఎల్లుండి బందర్లో చుట్టాలింటి పెళ్ళికి ఈ అద్దం బిగిస్తేనే నేనొచ్చేది" అని నాయనమ్మ తేల్చేసింది.

మర్నాడు నాన్న వెంట నేనూ ఆటోనగర్ వెళ్ళాను. మా మెకానిక్ సాయిబుగారు నాన్నకి పాత స్నేహితుడు. పాత రంధ్రాలు అరిగిపోయాయని పక్కన కొత్తవి వేసి, లావు మరలు దింపాడు. నాన్నని సీట్లో కూర్చోబెట్టి, వెనక రోడ్డంతా కనిపించేట్టు అద్దాన్ని నిలిపి, అది తిరిగే బుడిపెని కూడా గట్టిగా బిగించేశాడు.

"ఇంక బ్యారేజీ కదిలినా ఇది కదలదండీ."

"కాస్త తిరిగేట్టు ఉంచండి సాయిబుగారూ" అని నసిగాడు నాన్న.

"తిరిగితే మళ్ళీ వదులవుద్దండీ. అయినా మీరు చూడాల్సింది రోడ్డేగా?"

పాపం నాన్న, నాకు సోడా తాగించి ఇంటికి తీసుకొచ్చేశాడు.

అమ్మకి ఆ ప్రయాణంలో పెళ్ళి ముఖ్యం కాదు. అంతకు కొన్నాళ్ళ ముందే అమ్మమ్మ కంటికి శుక్లాల ఆపరేషను చేశారు. కబురు తెలిసిన దగ్గర్నుంచీ చూసి రావాలని అమ్మ ఒకటే ఆరాటం. అత్తగారిని అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు. "దారిలోనేగా, బొట్టు సవరించుకుంటే సరిపోద్ది" అని నా చెవిలో అంది.

తీరా బయల్దేరాక అద్దంలోకి చూస్తే నాన్న కళ్ళు లేవు. కారు పైకప్పు కనిపించింది. పైగా కంకిపాడు దగ్గరే నాయనమ్మ, "ముహూర్తం దాటిపోద్ది, ఎక్కడా ఆపకురా. నిన్ననేగా ఆటోనగర్లో అన్నీ చూపించావు, ఇంక నీళ్ళ గొడవుండదు" అనేసింది.

ఉయ్యూరు దాటింది. అమ్మ బొట్టు సవరించుకుంది. మళ్ళీ సవరించుకుంది. కుంకుమ రాలి ముక్కు మీద పడింది. నాన్న కూడా పదేపదే అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు, ఆయనకేమో వెనకొస్తున్న లారీ తప్ప ఇంకేం కనపడదాయె. దూరాన అమ్మమ్మ వాళ్ళ ఊరి రైసుమిల్లు గొట్టం కనిపించింది. అమ్మ ముందు సీటు గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ!"

అమ్మ గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలీదు. నాన్న అదిరిపడి బ్రేకు తొక్కాడు.

"మా ఇంటి దగ్గర ఆపండి. మా అమ్మని చూడాలి."

నాయనమ్మ నిమ్మకాయ వాసన చూసుకుంది. వెనక్కి తిరక్కుండానే, "ఆపరా. ఎన్నేళ్ళని ఆ ఇంజనుకి నీళ్ళు తాగిస్తారు? నాకు తెలీదనుకున్నారా ఏం?" అంది. అంతలోనే, "నేనూ దిగుతాను. వియ్యపురాలి కన్ను ఎలా ఉందో చూసొద్దాం" అంది.

పెళ్ళికి మేం వెళ్ళేసరికి ముహూర్తం దాటిపోయింది, భోజనాలు మాత్రం అందాయి. తిరుగు ప్రయాణంలో బందరు నుంచి బెజవాడ దాకా అమ్మ మాట్లాడుతూనే ఉంది. నాన్న రోడ్డు చూసుకుంటూ ఊఁ కొడుతూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, అన్నానికి రండి" అంది. నేను అలవాటుకొద్దీ పుస్తకం మూసి, కబురు అందించడానికి నాన్నవైపు తిరిగాను. నాన్న అప్పటికే లేచి వెళ్ళిపోతున్నాడు.