మంచి మోకాలికి కట్టు

ఎర్నీ క్లెగ్ ఎడమ మోకాలు క్రిస్మస్‌కు ముందే చెడింది. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు భార్య నెల్లీ, రెండోవాడు హార్డెన్‌షా ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ల కాళ్లు మర్దనా చేసే ముసలి సెత్. మూడో చెవిన పడిందా, వాళ్ల బతుకు బజారున పడ్డట్టే. ఉంటున్న ఇల్లు క్లబ్బుది. ఏప్రిల్ చివర మేనేజరు గోడకు అంటించే కాగితంలో పేరుంటే మరో ఏడాది ఆటా ఉంటుంది, ఇల్లూ ఉంటుంది. పేరు లేకపోతే మూటా ముల్లె సర్దుకోవాలి. పద్నాలుగో ఏట బొగ్గుగనిలో దిగి, బంతి పుణ్యమా అని పైకొచ్చిన మనిషి ఎర్నీ. ఈ మోకాలితో ఇప్పుడు గని కూడా రానివ్వదు.

"కట్టు కుడికాలికి కట్టు. తెల్లగా, లావుగా, ఆమడ దూరానికి కనపడాలి," అన్నాడు సెత్. "ఎదుటి వెధవలంతా దాని మీదే పడి చస్తారు. ఎడమదాని జోలికి ఎవడూ రాడు."

"మరి కుడిదానికేమన్నా అయితేనో?"

"దానికేమవుతుంది? గాడిదలా మోస్తుందబ్బాయ్ అది!"

మూడు నెలలు ఈ నాటకం బ్రహ్మాండంగా నడిచింది. తన్నులన్నీ కుడికాలు తింది. "దెబ్బ తగిలిన కాలితో కూడా ఎలా ఆడుతున్నాడో చూడండ్రా!" అని జనం టోపీలు ఊపుతుంటే ఎర్నీకి సిగ్గేసేది.

ఆఖరి శనివారం జోరువాన. మైదానం బురదగుంట. ఎదుటి జట్టులో ఒక ఆజానుబాహుడు రెండు కాళ్లూ చాపి జారుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ తెల్లకట్టు మీద పడ్డాడు. ఫటుక్కుమన్న చప్పుడు గట్టు మీదున్నవాళ్లకు కూడా వినిపించింది.

బదులుగా ఇంకొకణ్ణి దింపే ఆచారం ఆ రోజుల్లో లేదు. కుంటేవాణ్ణి అంచున నిలబెట్టేవారు, అంతే. నలభై నిమిషాలు ఎర్నీ అక్కడే నిలబడ్డాడు. బంతి ఒక్కసారీ అటు రాలేదు. సెత్ తడి స్పాంజి పట్టుకుని వచ్చాడు గానీ, అతని ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఏ కాలయ్యా?" ఆట అయ్యాక మేనేజరు అడిగాడు.

"రెండూనండీ," అన్నాడు ఎర్నీ. ఇక దాచడానికి ఏం మిగిలింది కనక?

గురువారం కాగితం అంటించారు. అందులో అతని పేరు లేదు. సోమవారానికల్లా కొత్త ఆటగాడి భార్య కొలతటేపు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పాపం, చిన్నపిల్ల.

"ఏమనుకోకండక్కా. కిటికీ తెరలకు కొలత తీసుకుందామని..."

"దానికేముందమ్మా, రా," అంది నెల్లీ. టేపు రెండో కొస తనే పట్టుకుంది.

కిటికీ కింద కుర్చీలో ఎర్నీ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆ పిల్లకు అడ్డం. లేవబోయాడు, లేవలేకపోయాడు. నెల్లీ టేపు వదిలేసి వంగి, అతని కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి పక్కకు పెట్టింది.